మంచం కోడుతో తుపాకి

సాయంత్రం ఐదూ పదికి గల్ఫ్‌లో మా సిత్రా లేబర్ క్యాంపు మెస్సులో చాయ్ పోశారు. గ్లాసు చేతిలో ఉండగానే నా ఫోన్ మోగింది. ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది: ఏ పనైనా ముందు "అయిపోతది" అని ఒప్పుకుంటే తర్వాత అదే అవుతుందని. (పికప్ నడిపేవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువ.) ఫోన్ చేసింది మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వాళ్ళ నాన్న. అందరం బాబా అనేవాళ్ళం. అవాలి దగ్గర ఆయన ఇంట్లో ఒకప్పుడు వేటకు వాడిన రైఫిల్ ఉంది. అది కింద పడి, భుజానికి ఆనించే చెక్క నిలువునా చీలింది. కొత్త చెక్క తెమ్మన్నాడు. ఊళ్ళో నా పెళ్ళికి ముహూర్తం పెట్టేశారు, నేను సెలవు అడిగి ఉన్నాను. కంపెనీ కొడుకుదే అయినా సెలవుల దగ్గర మాట బాబాదే. "లకడీ ఆయేగా, ఛుట్టీ మిలేగా," అన్నాడు. చెక్క వస్తేనే సెలవు. నేను అయిపోతది అన్నాను.

కాలేదు. మనామాలో వేట సామాన్లమ్మే దుకాణంలో తుపాకి తెమ్మన్నారు. లైసెన్సు తుపాకి గడప దాటదని బాబా. పగిలిన ముక్కలు సంచిలో వేసుకుని తిరిగాను. ఒకతను ఆ తుపాకి చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిందన్నాడు. ఇంకొకతను బయటి దేశం నుంచి తెప్పిస్తే, అందులో మరలు పట్టే రంధ్రాలు వేరే చోట ఉన్నాయి. సనాబిస్‌లో ఒకతను సంచిలోకి తొంగి చూసి, "క్రికెట్ బ్యాటా భాయ్?" అన్నాడు. ఇంటికి ఈ సంగతి చెప్పడం నా తెలివితక్కువ. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే కాబోయే మామగారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, నువ్వు దుబాయిల చేసేది డ్రైవర్ పనేనా? నడుమ గీ తుపాకులేంది?"

క్యాంపులో నా పక్క మంచం, నేను మామా అని పిలిచే ఒక పెద్దాయనది. చుట్టరికం లేదు, పక్క ఊరు. షట్టరింగు పని చేసేవాడు.

"ఏందిరా అల్లుడా, కట్టెముక్కకు గింత లొల్లా? నాగలికి మేడి చెక్కినోన్ని, గిది చెక్కలేనా?"

"ఇది నాగలి కాదే మామా!"

"పట్టుకునేది మనిషే గద."

పాత ఫర్నిచర్ దుకాణంలో ఒక టేకు మంచం కోడు దొరికింది. శుక్రవారం ఇద్దరం బాబా ఇంటికి పోయాం. మామ తుపాకిని కాసేపు, బాబాను చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని మోచేతి నుంచి వేలి దాకా దారంతో కొలిచాడు. బాబా ఎందుకో ఊరుకున్నాడు. నేను మాత్రం పెళ్ళి మీద ఆశ వదులుకున్నాను.

ఇవ్వాల్సిన రోజు చూస్తే మామ చెక్కిన చెక్క పచ్చగా ఉంది. మెస్సు పసుపు. మధ్యలో కుంకుమ బొట్టు.

"మామా! ఏం జేసినవే?"

"కొత్త పనిముట్టు ఉత్తగ ఎట్లిస్తం? పట్టుకున్నోనికి దెబ్బ తాకొద్దు గద."

నా చొక్కాతో తుడిచాను. బొట్టు పోయింది, పసుపు పోలేదు. పాలిష్ లేని టేకు దాన్ని పీల్చేసింది. చొక్కా కూడా పీల్చింది. దారి పొడుగునా మామను తిట్టాను. ఆయన కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నాడు.

బాబా చెక్కను వాసన చూశాడు. "హల్దీ?" అన్నాడు. ఎందుకు రాశామో నాకొచ్చిన హిందీలో చెప్పాను. మామ మరలు బిగించి తుపాకి ఇస్తే బాబా భుజానికెత్తుకుని, చాలాసేపు దించలేదు. "ఖలాస్. ఛుట్టీ," అన్నాడు చివరికి. ఆ సంతోషంలో, మర్యాదకు, వేటకు ఎప్పుడు వెళ్తారని అడిగాను. ఆయన నవ్వాడు. లోపలి సూది తీయించి ఏళ్ళయిందట. అది పేలదు. సాయంత్రాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడట, అంతే.

బండెక్కాక నా కోపం ఆగలేదు. "పేలని తుపాకికా మామా నన్ను ఇన్ని దుకాణాలు తిప్పింది?"

"పేల్తే మనకేంది, పేలకుంటే మనకేంది? భుజానికి కుదిరిందా లేదా? నడుపు."

పెళ్ళి అనుకున్న ముహూర్తానికే అయింది. కాబోయే మామగారు మామగారయ్యాక కూడా చాలాకాలం నా సామాను వైపు అనుమానంగా చూసేవారు.

ఈ మధ్యే మామ పోయాడు. నేనిప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను. మొన్న పార పిడి విరిగితే బజారులో రెడీమేడ్‌ది తెచ్చి బిగించాను. బిగించాక కాసేపు వంటింటి వైపు చూస్తూ నిలబడ్డాను. చొక్కాతో చెక్కను అంత గట్టిగా తుడిచిన అప్పటి నేను గుర్తొచ్చి నవ్వొచ్చింది. తర్వాత పార తీసుకుని పనిలోకి పోయాను. కొత్త పనిముట్టుకు పసుపు రాయడం మా ఇంట్లో ఇప్పుడు లేదు.