అక్క పెరట్లో యాష్ చెట్టు

ఈ ఉదయం వాకింగ్‌కి వెళితే, అమెరికాలోని మా క్యారీ ఊళ్లో కాలిబాట పక్కన ఒకతను మూడు యాష్ చెట్ల మొదళ్లకు నారింజరంగు గుర్తులు వేస్తున్నాడు. కొట్టేయడానికట. పైన ఆకు పలచబడి ఆకాశం కనిపిస్తోంది. ఆ పలచదనం చూడగానే అక్క చెట్టు గుర్తొచ్చింది.

మా అక్క డాక్టరు. రిటైరై మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. ఆమె పెరట్లోని యాష్ చెట్టు పక్కింటివైపు ఒరిగి ఉండేది. ఆ ఇంట్లో ఎనభై దాటిన అమెరికన్ పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. రోజూ మధ్యాహ్నం ఆవిడ తనవైపు పడే మా అక్క చెట్టు నీడలోనే కుర్చీ వేసుకుని, పేపర్లో గళ్లనుడి నింపుతూ, అక్క ఇచ్చిన కారం తగ్గించిన పులిహోర తినేది. ఒక వేసవిలో అక్క ఇంటి కిటికీ మీద మెరిసే పచ్చటి పురుగు వాలింది. మా చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెంచుకున్న బంగారుపురుగుకి పిల్లలాగుంది. "ఎంత ముద్దుగా ఉందో చూడరా!" అని మురిసిపోయింది అక్క. మరుసటేడు చెట్టు చివర్లు ఎండాయి. వడ్రంగిపిట్టలు బెరడు పీకసాగాయి.

చెట్ల నిపుణుడొకాయన వచ్చి బెరడు లేపి చూపించాడు. లోపలంతా ఆ పచ్చపురుగు పిల్లలు తొలిచిన వంకరదారులు, తాగినవాడు వేసిన ముగ్గులా. "సగానికి పైగా పోయింది, మేడమ్. ఇంజెక్షన్ చేసినా మందు పైకెక్కదు. నిరుడే పిలవాల్సింది," అన్నాడు. అక్క ఇంకొకరిని పిలిచింది. తర్వాత మూడో ఆయన్ని. ముగ్గురిదీ ఒకటే మాట.

"అక్కా, పడితే పక్కింటావిడ మీదే పడుతుంది. కట్ చేయించేయ్," అన్నాను.

"ఇంకొక్క వేసవి చూద్దాంరా. మళ్లీ చిగురేస్తుందేమో."

అప్పట్నుంచి ఏ కాస్త గాలి వీచినా నేను అటే చెవి పెట్టేవాణ్ణి. ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఉరుములు మొదలైన కాసేపటికి అక్క ఫోన్. "కొమ్మ విరిగిందిరా. ఆవిడ పిలిస్తే పలకట్లేదు. తొందరగా రా!"

వెళ్లేసరికి ఆవిడ కుర్చీ మీద ఏనుగంత కొమ్మ పడి ఉంది. అక్క చెప్పుల్లేకుండా వానలో నిలబడి, రెమ్మలు విరిచి పారేస్తూ ఆవిడ పేరు పిలుస్తోంది. నేనూ లాగాను. కింద పేపరు దొరికింది, కళ్లజోడు దొరికింది. ఇంతలో పక్కింటి వెనకతలుపు తెరుచుకుంది. చెవి మిషన్ సవరించుకుంటూ ఆవిడ, "ఇంత వానలో ఏం వెతుకుతున్నారు?" అంది. ఉరుము విని లోపలికి వెళ్లిందట.

అక్క తడిగడ్డిలో కూలబడింది. ఆ తర్వాత తనే చెట్లు కొట్టేవాళ్లకు ఫోన్ చేసి, "రేపే రండి," అంది. చెట్టు పెళుసెక్కిందని పనివాళ్లు ఎక్కడానికి ఒప్పుకోలేదు, క్రేన్ తెచ్చారు. చివరి ముక్క లేచేదాకా అక్క కదల్లేదు. "'ముందే రావాల్సింది' అని ఎంతమంది పేషెంట్లకి చెప్పానో," అంది. "అంత తేలిగ్గా ఎలా అన్నానురా?"

ఆ శీతాకాలం పెద్దావిడ ఓక్ మొక్క కొనుక్కొచ్చింది. "అది నీడనిచ్చేసరికి మనం ఉంటామా?" అంది అక్క. "అందుకే ఇవాళే నాటుదాం, గొయ్యి తవ్వు," అందావిడ. కాలం కొంచెమే మిగిలినవాళ్లకు దాని వాడకం బాగా తెలుసనుకుంటాను. బోలెడుందనుకున్న మేము, చిగురేస్తుందేమోనని ఒక ఏడాదిని ఎండుకొమ్మల కింద నిలబెట్టి ఊరికే పోగొట్టుకున్నాం.