పెద్దక్కను అడగని పదిహేను ప్రశ్నలు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెది పదిహేడేళ్ల సర్వీసు. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం పని. నలభై మూడో ఏట విశ్వవిద్యాలయంలో సాయంత్రం కోర్సులో, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ తొలి పాఠాలకు చేరింది. లాండ్రీవాళ్లు ‘చదువులమ్మ’ అని పేరు పెట్టారు. క్లాసులో పిల్లలకు మాత్రం ఆంటీ.

మొదటి నెలంతా కోడు రాయిస్తారేమోనని ఎదురుచూసింది. మేడమ్ రాయించలేదు. “ఎవరి కోసం చేస్తున్నారో ముందు వాళ్లని అడగండి. మాకు తెలుసులే అనుకున్నారో, మునిగారే” అనేది.

నలుగురేసి జట్లు కట్టారు. లాండ్రీ మూటల లెక్కకు ప్రోగ్రాం చేద్దామని ఆమే సూచించింది. కోడు మిగతా ముగ్గురిది. మూటలు విడదీసే పెద్దక్కను పదిహేను ప్రశ్నలడిగి జవాబులు తేవడం ఆమె వంతు.

పెద్దక్క ఆమెకు పని నేర్పిన మనిషి. ఆ వారం మూటలు గుట్టలు పడి ఆవిడకు ఊపిరి సలపలేదు. ‘అక్క చెప్పేది నాకు తెలియందేముంది’ అనుకుని, బస్సులో కూర్చుని పదిహేను జవాబులూ తనే రాసేసింది. పెద్దక్క మాటతీరును కూడా అచ్చుగుద్దినట్టు దించింది. మేడమ్ దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించి, “ఇంటర్వ్యూ అంటే ఇదీ” అంది. ఆమె నిజం చెప్పకుండానే ఆ కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

ప్రోగ్రాం తయారయ్యాక లాండ్రీ సూపర్‌వైజరు ఓ వారం వాడి చూద్దామన్నాడు. మూటకు కట్టిన చీటీ మీది నంబరు చూసి తెర మీద నొక్కాలి, అంతే. మూడో రోజుకే కాన్పుల వార్డు దుప్పట్లు ఎముకల వార్డుకు వెళ్లిపోయాయి. తప్పులన్నీ పెద్దక్క పేరు మీదే ఎర్రగా కనిపించాయి. “ఇన్నేళ్లూ ఇలాగే వెలగబెట్టావా?” అని అందరి ముందూ కేకలేసి, సూపర్‌వైజరు ఆవిడను ఇస్త్రీ గదికి మార్చేశాడు.

ఆమె ఆ గదికి పరుగెత్తింది.

“ఏమైందక్కా?”

“చీటీ మీద అంకెలు నా కళ్లకి ఆనడం లేదే. రెండేళ్లయింది. దుప్పటి అంచున కుట్టిన దారం రంగు చూసి ఏ వార్డుదో చెప్పేదాన్ని. ఒక్కసారైనా తప్పానా?”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడిగితే కదా!”

“అడిగినట్టు రాసుకున్నానక్కా. నీ పేరుతో.”

పెద్దక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. “ఏం చెప్పానేంటి?”

“నంబర్లయితే తేలికని.”

పెద్దక్క తిట్టకుండా మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుంది. తిట్టినా బాగుండేది.

మరునాడు ఆమె మేడమ్ దగ్గర నిజం చెప్పేసింది. ఇంటర్వ్యూకు సున్నా పడింది, దాంతో జట్టు మార్కులూ తగ్గాయి. “మాకు ఒక్క ముక్క చెప్పుంటే మేమే వెళ్లేవాళ్లం కదా ఆంటీ” అన్నాడు జట్టులోని అబ్బాయి.

తప్పు తనదని సూపర్‌వైజరుకు చెప్పాలంటే పెద్దక్క కళ్ల సంగతి బయటపడుతుంది. ఈసారి సొంత పెత్తనం చేయలేదు. “చెప్పమంటావా అక్కా?” అని అడిగింది. పెద్దక్క రెండు రోజులు ఆలోచించి, “చెప్పు, నేనూ వస్తా” అంది.

ఇద్దరూ వెళ్లారు. సూపర్‌వైజరు గొణిగాడు గానీ కాదనలేదు. జట్టు పిల్లలు తెర మీద నంబర్ల బదులు దారం రంగులతో పెద్ద పెద్ద గళ్లు పెట్టారు. పెద్దక్క మళ్లీ మూటల దగ్గరికి వచ్చింది. ఆ తరువాత ఒక్క మూటా దారి తప్పలేదు.

కోర్సు అంతంతమాత్రం మార్కులతో గట్టెక్కింది. పెద్దక్క మునుపటిలాగే పలకరిస్తుంది. కాకపోతే ఏ కబురు చెప్పినా చివర్లో, “ఇది రాసుకోకే తల్లీ” అంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వుతారు. ఆమె తల వంచుకుని దుప్పట్లు లెక్కపెట్టుకుంటుంది.