అమ్మవారు ఇచ్చిన రీఫండు

బంగారురాజు ముప్పై ఏళ్లు విమానం టికెట్లు అమ్మాడు. ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. డబ్బు లేక అనుకునేరు, అది కాదు. "ఆ కంపెనీల లోపలి యవ్వారం నాకు తెలుసు. తెలిసీ ఎలా ఎక్కమంటావు?" అనేవాడు.

రంగూన్‌లో, మావాళ్ల మాటలో రంగంలో, లత అనే పేటలో ఒక ట్రావెల్ ఆఫీసులో ఆయన గుమాస్తా. ఇల్లు ఊరి చివర ఇన్సేన్‌లో, మా వీధిలోనే. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రంగం రేవులో బస్తాలు మోశాడు. మనవడు కూర్చుని చేసే పనికి ఎదిగాడు కాబట్టి మా తెలుగు వాడలో ఆయనకు కాస్త గౌరవం. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. ఒకటి రాసుకోవడానికి, రెండోది అడిగినవాళ్లకు ఇవ్వడానికి. రెండోదానిలో సిరా ఉండేది కాదు.

చాలా ఏళ్ల కిందట ఒక విమాన కంపెనీ దివాలా తీసింది. దాని పేరు చెప్పినా తిట్టించుకోవడానికి ఇప్పుడది లేదు. టికెట్లు పట్టుకుని మింగళాడోన్ వెళ్లినవాళ్లకు ఎయిర్‌పోర్టులో ఖాళీ కౌంటరూ, దాని వెనక ఒక కుర్చీ కనిపించాయి. కంపెనీ దొరకలేదు, గుమాస్తా దొరికాడు. ఇంటిముందు నిలబడి ఆయన్ని తిట్టని తిట్టు లేదు. పైసా కూడా ఆయన తినలేదని అందరికీ తెలుసు. అయినా తిట్టడానికి ఒక మనిషి కావాలి కదా. అవమానంతో ఆయన వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాడు. మావాళ్లు సింహాచలం అప్పన్నను చూసి రావాలని నెలనెలా కొంచెం కొంచెం దాచుకునేవాళ్లు. ఆ డబ్బు కంపెనీకి ముందుగా కట్టకూడదు. బయలుదేరే వారంలోనే కట్టాలి. ముందు కడితే తగ్గింపు ఇస్తామని కంపెనీలు ఊరించినా లొంగకూడదు. మరి అప్పటిదాకా ఎక్కడ దాచాలి? బ్యాంకంటే మావాళ్లకు భయం. ఎనభై ఏడులో ప్రభుత్వం నోట్లు రద్దు చేసినప్పుడు పెద్దవాళ్లు పోగొట్టుకున్నది ఇంకా మరిచిపోలేదు. దాంతో బంగారురాజు ఇంట్లో రేకుపెట్టెలో పెట్టాడు. అప్పుడు ఇంకో తంటా వచ్చింది. పెళ్లికని ఒకరు, ఫోను కొనడానికని ఒకరు వచ్చి ఎవరి డబ్బు వాళ్లే పట్టుకుపోయారు. ప్రయాణం రోజుకు పెట్టెలో గాలి మిగిలింది.

అప్పుడే ఆయనకు ముడుపు ఆలోచన వచ్చింది. ఎవరి డబ్బు వాళ్లు పసుపు గుడ్డలో ముడుపు కట్టి అమ్మవారి గుడిలో ఇనప్పెట్టెలో పెట్టాలి. పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి తన దగ్గర, రెండోది గుడి ప్రెసిడెంటు చంద్రరావు దగ్గర. అంతటితో ఆగితే బాగుండేది. ముడుపు కట్టేటప్పుడు అందరి చేతా ప్రమాణం కూడా చేయించాడు. "దారి ఖర్చుకు తప్ప ఈ డబ్బు ముట్టుకుంటే మా ఫలానా మనిషికి కీడు" అనాలి. ఆ ఫలానా చోట బాగా కావలసిన మనిషి పేరు చెప్పాలి. నేనూ కట్టాను. మా ఆవిడ పేరు చెప్పాను. తర్వాత ఆవిడకు జలుబు చేసినా నాకు గుండె దడే.

ఉడికించిన బఠానీలు అమ్మే కోటేశ్వరి తన మొగుడు దండాసి పేరు చెప్పింది. దండాసిది గంజాం నుంచి వచ్చిన కుటుంబం. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, కోపం వస్తే ఒరియా, జీతం రోజున బర్మీస్.

రెండువేల ఇరవైలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. మరుసటి ఫిబ్రవరిలో మిలటరీ గద్దె ఎక్కింది. ఇంటర్నెట్టు పోయింది, బయటి ప్రపంచం పోయింది. దయ్యాన్ని తరిమినట్టు జనం సాయంత్రాలు గిన్నెలు వాయించారు. గిన్నెలు సొట్టలు పడ్డాయి గాని దయ్యం కదలలేదు. దండాసి సమ్మెలోకి వెళ్లాడు. జీతం ఆగింది, రైల్వే క్వార్టరు ఖాళీ చేయించారు. మొగుడూ పెళ్లాం మా వీధి చివర ఒక గదిలోకి మారారు.

వానలు మొదలయ్యాక ఇంకో విమాన కంపెనీ, తోక మీద చేప బొమ్మ ఉన్నది, దివాలా తీసింది. తగ్గింపుకు ఆశపడి ముందే కట్టిన ఊరివాళ్లందరూ మునిగారు. మా ముడుపులు మాత్రం పెట్టెలో భద్రంగా ఉన్నాయి. వాడలో బంగారురాజును మెచ్చుకోని నోరు లేదు. ఆయన ఆ నాలుగు రోజులూ రెండో పెన్నులో సిరా కూడా పోయించుకున్నాడు.

జులైలో దండాసికి ఊపిరి అందకుండా పోయింది. ఆస్పత్రుల్లో చోటు లేదు. ఆక్సిజన్ సిలిండరు బజారులో రొక్కం ఇస్తేనే దొరుకుతుంది. రొక్కం మాత్రం ఎక్కడా లేదు. బ్యాంకులు ఎవరి డబ్బు వాళ్లు తీసుకోవడానికి టోకెన్లు ఇస్తున్నాయి, ఆ టోకెన్లు కూడా అందరికీ అందవు. బంగారురాజు తన డబ్బు తీసి ఇద్దామని పొద్దున్నే వెళ్లి వానలో నిలబడి వట్టి చేతులతో వచ్చాడు. గుడి డబ్బూ ఆ బ్యాంకులోనే ఉంది. వాడ మొత్తం మీద నోట్లున్న చోటు ఒక్కటే, అమ్మవారి ఇనప్పెట్టె.

బంగారురాజు కోటేశ్వరి గదికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల దండాసి దగ్గు వినిపిస్తోంది.

"అమ్మా, నీ ముడుపు తీసేద్దాం. సిలిండరు వస్తాది."

"ఇప్పితే ఈయనకే కీడు అన్నియ్యా. నువ్వే కదా అనిపించినావు."

"అది నేను ఉత్తినే అనిపించినాను. డబ్బు నిలవాలని."

"అమ్మ ఉత్తినే ఇన్నాదని నీకెవరు సెప్పినారు?"

విప్పకపోతే దండాసి ఊపిరి లేక పోతాడు. విప్పితే ప్రమాణం తగిలి పోతాడు. ఈ రెంటి మధ్యా ఆ పిల్ల ఏడవడం కూడా మరిచిపోయి కూర్చుంది. నాకు ఆ రోజు బంగారురాజు మీద ఒళ్లు మండింది. మనిషి మరీ అంత తెలివిగా ఉండకూడదు.

చంద్రరావు దగ్గరికి వెళితే ఆయన ఇంకో మెట్టు ఎక్కాడు. "అమ్మ దగ్గర పెట్టినది అమ్మదే. అమ్మ సెప్పకుండా నా తాళం ఇవ్వను" అన్నాడు. బంగారురాజు "అయితే అడుగుదాం" అన్నాడు.

శుక్రవారం పొద్దున గుడి తలుపులు దగ్గరగా వేసి లోపల కలిశాం. చంద్రరావు, బంగారురాజు, కోటేశ్వరి, పూజారి, నేను. ఐదుగురు ఒకచోట చేరితే సైనికులు పట్టుకుపోయే రోజులు. అందుకని డప్పు లేదు, గంట లేదు. బంగారురాజు అమ్మవారి ముందు కూర్చుని పసుపునీళ్లు నెత్తిన పోసుకుని వేపమండలు పట్టుకున్నాడు. కొంతసేపటికి భుజాలు ఊగాయి. తల ఊగింది. ముప్పై ఏళ్లు కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషి ఊగుతుంటే చూడలేకపోయాం. ముక్కుమీద మాస్కు అలాగే ఉంది. అమ్మ గుసగుసగానే వచ్చింది. కేక వేస్తే వీధిలోకి వినిపిస్తుందని అమ్మకూ తెలిసినట్టుంది.

"పయాణం ఆగిపోనాది," అంది అమ్మ. "ఎవుల డబ్బు ఆలకి రీఫండు ఇచ్చేయండి."

చంద్రరావు చేతులు జోడించాడు. ఆయన జీవితంలో చాలా టికెట్లు రద్దయ్యాయి, అలవాటు కొద్దీ నోరు జారింది. "అమ్మా, పూర్తిగానేనా? ఏటన్నా కోత ఉందా?"

వేపమండలు ఒక్క క్షణం ఆగాయి.

"కేన్సిలేషన్ సార్జీ లేదు," అంది అమ్మ.

"మరి పెమాణం?" అంది కోటేశ్వరి. ఆమె కళ్లు అమ్మవారి మీద లేవు, బంగారురాజు మీదే ఉన్నాయి.

"పెమాణం అనిపించినోడే మోస్తాడు," అంది అమ్మ. అంతలో బంగారురాజు పక్కకు ఒరిగిపోయాడు.

చంద్రరావు తాళం తీశాడు. కోటేశ్వరి ముడుపు విప్పింది. మధ్యాహ్నానికల్లా బంగారురాజు, పసుపు తడి ఆరని చొక్కాతోనే, సైకిల్ రిక్షాలో సిలిండరు ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. తర్వాత వాడలో అందరూ తమ ముడుపులు తీసుకున్నారు. కొందరికి బియ్యం, కొందరికి మందులు, ఇద్దరికి కర్మకాండలు. ఊళ్లో ఏ విమాన కంపెనీ ఇవ్వని రీఫండు మాకు అందింది, అదీ కోత లేకుండా.

దండాసి బతికాడు. మెట్లెక్కితే ఆయాసం, అంతే. కోపం వస్తే ఒరియా మళ్లీ మొదలైంది.

విమానాలు తిరిగాక టికెట్టు ధర మూడింతలైంది. కొనేవాళ్లు లేక లతలోని ఆఫీసు మూతపడింది. బంగారురాజు ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. చిన్న కాలునొప్పి వచ్చినా ఉలిక్కిపడి గుడి వైపు చూసేవాడు. ప్రమాణం ఉత్తిదే అన్న మనిషి ఆయనే. అది తనకు ఎప్పుడు తగులుతుందా అని ఎదురుచూసినవాడూ ఆయనే. నవ్వుదామనుకున్నాను గాని నవ్వు రాలేదు.

ఒకరోజు నేను అక్కడ ఉండగా కోటేశ్వరి వచ్చింది. బఠానీల బుట్టలోంచి ఒక పసుపు గుడ్డ తీసింది.

"ఏటమ్మా, మళ్లీ పయాణమా?" అన్నాడాయన.

"కాదన్నియ్యా. ఇది నీ పేరున కట్టినాను."

"నా పేరున ఏటికి?"

"ఆ రోజు మాటాడినాది అమ్మ కాదు, నువ్వే. కేన్సిలేషన్ సార్జీ గొడవ అమ్మకేటి తెలుసు?"

బంగారురాజు మొహం పాలిపోయింది. "తెలిసీ ఎందుకు ఇప్పినావు?"

ఆమె బుట్ట కింద పెట్టింది. "నా అంతట నేను ఇప్పితే కీడు మా ఆయనకే. నువ్వు ఇప్పమంటే నీకు. అలాగనుకునే ఇప్పినాను అన్నియ్యా. నీ మీద పడితే పడనీ అనుకున్నాను." ఆమె ముడుపు ముడి ఇంకాస్త బిగించింది. "మా ఆయన బాగున్నాడు. ఇప్పుడు నాకు నీ గురించి భయమేస్తంది. అమ్మకి సెప్పుకున్నాను, నిన్ను ఏటీ సెయ్యొద్దని."

ఆయన ముడుపు అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. ముప్పై ఏళ్లలో తన క్షేమం గురించి ఒక ప్రయాణికురాలు అడిగింది ఇప్పుడే.

ముగ్గురం గుడికి వెళ్లాం. చంద్రరావు తన తాళం తీశాడు, బంగారురాజు తనది తీశాడు. ఖాళీ ఇనప్పెట్టెలో ఆ చిన్న ముడుపు ఒక్కటే పెట్టి మూశారు.

"ఎప్పుడు తియ్యాలి?" అని చంద్రరావు అడిగాడు.

"అన్నియ్య ఉన్నంతకాలం తియ్యకండి," అంది కోటేశ్వరి, బుట్ట నెత్తికెత్తుకుంటూ.