గాడిద నిద్రకు కాపలా

మొన్న మా అమ్మాయికి జ్వరమొస్తే ఆసుపత్రిలో నర్సు చేతికి స్పిరిట్ దూది రాసింది. ఆ చల్లని వాసన తగలగానే, కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే తొంభైల నాటి వర్తూరుకు వెళ్ళిపోయాను. మా నాన్న అక్కడ పశువుల డాక్టరు. క్రిస్మస్ ముందు అమ్మ వేయించే గులాబీ పువ్వుల పిండివంట నూనె వాసన ఇల్లంతా కమ్ముకున్నా, ఆయన చొక్కా దగ్గర మాత్రం ఎప్పుడూ స్పిరిట్ వాసనే.

సెలవుల్లో ఆయన వెనక స్కూటరెక్కి చెరువు గట్టుకు వెళ్ళేవాణ్ణి. బట్టలుతికే బండలు, నీలిమందు నీళ్ళు పారే సన్నటి కాలవలు, చలికాలపు ఎండలో ఆరేసిన తెల్ల దుప్పట్లు, వాటి మధ్య మూటలు దింపుకున్న గాడిదలు. మగవి ఒకదాన్నొకటి కరుచుకుని మూటలు పడేస్తుంటే, విత్తులు తీయించడానికి నాన్నను పిలిచేవాళ్ళు. ఆపరేషన్ బల్లేమీ ఉండేది కాదు, పచ్చగడ్డి మెత్తగా ఉన్న చోటే బల్ల. మెడ పక్క నరాన్ని బొటనవేలితో నొక్కి, అది ఉబ్బాక మొదటి సూది వేసేవాడు. తల మెల్లగా వాలి, కింది పెదవి వేలాడేది. అప్పుడు నిద్ర సూది. గుర్రం కన్నా గాడిదకు ఆ మందు త్వరగా దిగిపోతుందని, ఇంకో సిరంజి నింపి జేబులో పెట్టుకునేవాడు. అది లేచేదాకా ఎవరూ చప్పుడు చేయకూడదు. దాని కళ్ళ మీద గుడ్డ కప్పి, చెవి కదిలితే చెప్పడానికి ఒకరు తల దగ్గర కూర్చోవాలి.

ఆ చోటు మంగది. బట్టలుతికే మునెమ్మ కూతురు, నా ఈడుదే.

"మంగమ్మా, నువ్వుంటే ఇది సుమ్నే పడుకుంటాదమ్మా" అనేవాడు నాన్న, గమ్మున అనడానికి అక్కడి కన్నడ మాట వాడుతూ. నా మార్కులు చూసి "ఊఁ" అనడం తప్ప ఎరగని మనిషి ఆ పిల్లతో అంత మెత్తగా మాట్లాడుతుంటే, నీళ్ళ బకెట్టు దగ్గర నిలబడి నేను కుతకుతలాడిపోయేవాణ్ణి. ఆమె ఒళ్ళో గాడిద తల, ఆమె భుజానికి తగిలే నాన్న మోచెయ్యి, అన్నీ నాకు రావలసినవే అనిపించేది.

ఒక రోజు నాన్న కత్తి పట్టుకుని వంగి ఉండగా, ఆమె చేతిలోనే గాడిద లేవాలని, ఆమెను ఆయన కసరాలని, బకెట్టును తన్నాను. అది బండకు తగిలి మోగింది. గాడిద తల విదిలిస్తే మంగ పెదవి చిట్లింది. అయినా గుడ్డ వదల్లేదు. మెడ మీద బోర్లా పడి అదిమిపట్టి, "చెవులాడిస్తా ఉండాది డాక్టరప్పా" అంది, రక్తం ఉమ్ముతూ. నాన్న జేబులోని సిరంజి తీసి రెండో నిద్ర సూది వేశాడు. గాడిద మళ్ళీ పడుకుంది.

పని అయ్యాక మునెమ్మ, "బకెట్టు ఎవురు తన్నింది?" అని అడిగింది.

మంగ నా వైపు చూసి, "కుక్కలే మా, సుమ్నే ఉండు" అంది.

ఆ మంచితనం కూడా ఆమెకే దక్కిందని కుళ్ళుకున్నాను. చిట్లిన పెదవి మీద జాలి నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని కలగలేదు.

మంగ పెదవి వాచి ఇంట్లో ఉండిపోవడంతో, తర్వాతి గాడిదకు నాన్న నన్ను కూర్చోమన్నాడు. "మెల్లగా నాయనా, మెల్లగా" అన్నాడు, మంగతో మాట్లాడే గొంతుతోనే. పొంగిపోయి తలెత్తి చూశాను. ఆయన కళ్ళు గాడిద డొక్క లేచిపడటం మీదే ఉన్నాయి. ఆ మెత్తదనమంతా అది బెదరకుండా ఉండటానికేనని అప్పుడు తెలిసింది. అది లేచాక ఆయన నా వైపు చూడకుండానే సిరంజిలు సర్దుకుని స్కూటర్ తీశాడు.

ఇప్పుడు ఆ బండల చోట అపార్ట్‌మెంట్ల ప్రహరీగోడ ఉంది. గాడిదలు లేవు, నాన్నా లేడు. మునెమ్మ వాళ్ళు ఎటు పోయారో చెప్పేవాళ్ళూ లేరు. మంగ ఎదురైతే ముందు క్షమించమని అడగాలని నాకు తెలుసు. కానీ నేను వెంట లేని రోజుల్లో నాన్న ఆమెతో ఏమేం మాట్లాడేవాడో, అదే ముందు అడుగుతానేమోనని భయం.