వంటమనిషి దొంగ కాని పుస్తకం

ఆ రోజుల్లో నాకు కోపం ఇప్పటికంటే ఎక్కువ. ఆ రోజులంటే నా లంగా ఓణీల కాలమని అనుకోకండి, మొన్నమొన్నటి సంగతే. అయినా నా లెక్కలో అది నా చిన్నతనమే. ఎందుకంటే నేను అక్షరాలు దిద్దింది అరవై దగ్గర పడ్డాక. పగలంతా తునికాకు కోసి వచ్చి, గోళ్ళలో ఆకు పసరు అలాగే ఉండగా, ఊళ్ళో మహిళా సంఘం గదిలో పలక పట్టాను. కాబట్టి ఈ సంగతి జరిగే నాటికి మనిషిగా నాకు అరవై దాటినా చదువరిగా మాత్రం పాలపళ్ళు ఊడని వయసు. ఆ వయసుకుండే జబ్బులన్నీ నాకూ ఉండేవి. కనబడ్డ బోర్డునల్లా పైకి చదవడం, బస్సు వెనక రాసింది పూర్తి కాకముందే బస్సు కదిలితే డ్రైవర్‌ను తిట్టడం, వేలు పెట్టనిదే లైను దాటలేకపోవడం, ఎవరైనా తప్పు చదివావంటే అలగడం. (మిగతావి నయమయ్యాయి. అలగడం పోలేదు.)

మాది పినపాక దగ్గర అడవి అంచు పల్లె. కొడుకు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. కోడలు ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేసేది. మనవరాలు ఎవరు ఏమన్నా వాదనకు దిగుతుంది కాబట్టి దాన్ని లాయరమ్మ అంటాం. దాని తమ్ముణ్ణి బుడ్డోడంటాం. లాయరమ్మ నోటికి మా వాడలో ఎదురు లేదు గాని, పుస్తకం ముందు పెడితే ఆ నోరే కుట్టేసినట్టు మూసుకునేది. అక్షరాలన్నీ వచ్చు, విడివిడిగా అడిగితే చెప్తుంది, వరసగా చదవమంటే చెమటలు పట్టేవి. తల్లి పక్క గదిలో పాఠం చెప్తుండగానే, అదే బడిలో ఈ పిల్లను వెనక బెంచీలో కూర్చోబెట్టి మొద్దు అని పేరు పెట్టారు. ఆ మాట చెవిన పడ్డ రోజు మా కోడలు సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చేసింది. "నా బిడ్డలకు నేనే చెప్పుకుంట. ఆ బడి మొఖం సూడను" అంది. ఆ పూట నా కోడల్ని చూసి నాకెంత గర్వమో! (ఆమెకు చెప్పలేదు. నెత్తికెక్కుతుందని.) కొడుకు మాత్రం, "ఎండకాలం అయ్యేదాంక సూస్త. అప్పటికి గూడ సదవకపోతే ఖమ్మంల హాస్టల్‌ల ఏస్త" అని తేల్చేశాడు. హాస్టల్ మాట వింటే చాలు, లాయరమ్మ కంచం పక్కకు నెట్టేసేది. అది అన్నం మానేస్తే నాకు కోపం వచ్చేది. ఎవరి మీద పడాలో తెలియక ఆ కోపం అందరి మీదా పడేది.

అప్పుడు మా కోడలు ఫోన్లో ఎక్కడో చూసింది. పెద్దవాళ్ళు రోజూ పైకి చదివి వినిపిస్తే, అందులోనూ దొంగ ఎవరో చివరిదాకా తేలని కథలైతే, చదువంటే బెదిరే పిల్లలు కూడా దారికొస్తారట. పొద్దుటి పాఠాలయ్యేసరికి ఆమె గొంతు బొంగురుపోయేది. అందుకని ఆ పని నా మీద పడింది.

"అత్తా, పగటి అన్నాలు తిన్నంక పిల్లలకు నువ్వే సదివి చెప్పు."

"నేనా? నాకే సక్కగ రాదు గదనే."

"మెల్లగ సదువుతవ్ గదా, గదే కావాలె. జల్దీ జల్దీ సదివేటోళ్ళను సూస్తే దానికి బెదురు."

నేను మెల్లగా చదువుతాననడం పొగడ్తో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. నేర్చుకున్న నాలుగు అక్షరాలతో అప్పటిదాకా నేను చేసిందల్లా పింఛను కాగితం మీద సంతకం. ఇప్పుడు ఇంట్లో నా నోటి చదువుకు పని పడింది.

కోడలు తెప్పించిన పుస్తకాల పార్సిల్ వచ్చింది. ఇప్పపువ్వు కొనేవాడు బస్తా పైన చూడడు, అడుగుదాకా చెయ్యి దూర్చి పిడికెడు తీసి చూస్తాడు. పైన ఎండిన పువ్వు పోసి కింద తడిది కుక్కే వాళ్ళుంటారు కదా! నేనూ పుస్తకాలను అలాగే అడుగు నుంచి పరీక్ష చేశాను. చివరి పేజీలు చదివాను. చదివినకొద్దీ ఒళ్ళు మండింది. మొదటిదాంట్లో పెద్ద బంగళా, నెక్లెస్ పోయింది, దొంగ వంటమనిషి. రెండోదాంట్లో ఇంకా పెద్ద బంగళా, వజ్రం పోయింది, దొంగ తోటమాలి. మూడోదాంట్లో బాసండ్లు తోమే ఆమె. బంగళాల్లో కూర్చుని తినేవాళ్ళలో ఒక్కడికీ చేతివాటం లేదట! అయినా పిల్లల చదువు కదా అని పళ్ళు బిగబట్టి మొదటిది తీశాను. ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని, కథ చెప్పే పద్ధతి ప్రకారం ముందుగా సంగతి చెప్పాను.

"దొంగ వంటోడు. నెక్లెసు పిండి డబ్బాల దాసిండు. ఇగ ఎట్ల దొరికిండో వినుండ్రి."

వంటింట్లోంచి గరిటె కింద పడ్డ చప్పుడైంది. వెనకే కోడలు వచ్చింది.

"అయ్యో అత్తా! దొంగ ఎవరో చెప్పేస్తే ఇగ ఏముంటది దాంట్ల?"

"ఏముంటదేంది? కథ ఉంటది. భద్రాచలంల ఏటేటా రాములోరి లగ్గం సూడబోతం. పెండ్లికొడుకు ఎవరో తెల్వకనే పోతున్నమా?"

నేను వెటకారంగా అన్నది కాదు. మా పల్లెల్లో కథ అంటే అందరికీ తెలిసిందే. తెలిసినా వినేవాళ్ళం, తెలుసు కాబట్టే వినేవాళ్ళం. దొంగను కడుపులో దాచుకుని వినేవాళ్ళను ఊరించడం నాకు మర్యాద అనిపించలేదు. కానీ బుడ్డోడు గోళీలు తీసుకుని లేచిపోయాడు. లాయరమ్మ, "దొంగ దొరికినంక కేసు ఎందుకు నాయనమ్మా?" అని వాడి వెనకే పోయింది. రెండో పుస్తకంతో కూడా నోరాగలేదు, మూడోదానితోనూ అంతే. మా కోడలికి కోపం వస్తే నువ్వు పోయి మీరు వస్తుంది. ఆ రోజు అదే వచ్చింది.

"మీరు ఇగ సదవద్దు అత్తమ్మా. ఎండకాలం అయిపోవస్తాంది. నా బిడ్డ హాస్టల్‌కు పోతది మీ వల్ల."

నేను అలిగాను.  రెండు పూటలు ఎవరితోనూ మాట్లాడకుండా బియ్యంలో రాళ్ళు ఏరాను. (అవి సంచి బియ్యం. రాళ్ళే లేవు.) ఆఖరికి కోడలే దిగి వచ్చింది. "సరే, ఒక్క పుస్తకం. నీకు నచ్చింది నువ్వే తెచ్చుకో. కని ఎనక పేజీ సూడద్దు. ఈపారి గూడ పాడుజేస్తే మల్ల అడగద్దు" అంది.

నేను బస్సెక్కి ఖమ్మం పోయాను. పుస్తకాల దుకాణంలో కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి.

"పిల్లలకు సదివి చెప్పే దొంగల పుస్తకం ఇయ్యి అన్నా. వంటోడు దొంగ కాంది ఇయ్యి."

"అది ముందే చెప్తే ఎవరు కొంటరమ్మా?"

"నేను కొంట. తోటమాలి గూడ కావద్దు. బాసండ్లు తోమేటామె గూడ కావద్దు."

"మరి ఎవరు కావాలె?"

"ఇంటి ఓనరుంటడు గదా. ఆయన ఒక్కపారన్న దొంగ ఎందుకు కాడు?"

"ఓనరు సొమ్ము ఓనరే ఎట్ల ఎత్తుకపోతడమ్మా?"

"అది అసలు ఎవరి సొమ్మో, ఓనరు దాంక ఎట్ల వచ్చిందో ముందుగాల రాయమను."

దుకాణంలో ఉన్న కాలేజీ పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన లోపలికి పోయి, ప్లాస్టిక్ కవరు అంటించిన పుస్తకం ఒకటి తెచ్చి, "అడవిల గెస్ట్ హౌస్ కథ. ఇందుల అసలు వంటమనిషే లేడు" అన్నాడు. నిజమే చెప్పాడు. వంటమనిషి లేడు. కాపలాదారు ఉన్నాడు.

ఆ సంగతి నాకు రెండో భాగంలో గాని తెలియలేదు. గెస్ట్ హౌస్‌లో దిగిన అమ్మగారి ఉంగరం పోయింది. అక్కడ ఆమె తమ్ముడున్నాడు, స్నేహితుడైన డాక్టరున్నాడు, గేటు దగ్గర కాపలాదారున్నాడు. తమ్ముడు వస్తే ‘చిరునవ్వుతో వచ్చాడు’ అని రాసిన రచయిత, కాపలాదారు వస్తే ‘దొంగచూపులు చూస్తూ వచ్చాడు’ అని రాశాడు. నాకు అక్కడే అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయన బతికినన్నాళ్ళూ చేసింది అడవి గెస్ట్ హౌస్ కాపలానే. దుప్పటి కనబడకపోతే ముందు ఆయన్నే పిలిచి నిలబెట్టేవారు. ఆ దుప్పటి పెద్దసారు జీపులోనే దొరికిన రోజు మాత్రం ఎవరూ పిలవలేదు, కనీసం దొరికిందని చెప్పనూ లేదు.

ఇక రోజూ నా వేలు ఒక మాట మీద ఉంటే నోరు పది మాటలనేది. "గాయిన్నే ఎందుకడుగుతున్నవ్ రా, ఆ డాక్టరు సంచి ఇప్పి సూడు!" అని డిటెక్టివ్‌ను తిట్టేదాన్ని. ముగింపు నాకూ తెలియదు కాబట్టి పిల్లలకు అది భలే సంబరమైంది. బుడ్డోడు గోళీలు మరిచిపోయాడు. లాయరమ్మ నా భుజం మీద గడ్డం ఆనించి, "తమ్ముడే నాయనమ్మా, గాయిన ఎక్కువ నవ్వుతాండు" అనేది. కోడలు చేటలో పప్పు పోసుకుని గుమ్మంలో కూర్చునేది, చెరగడం మాత్రం ముందుకు సాగేది కాదు. నా కోపం చూసి ఒకరోజు అడిగింది, "మరి ఎనకట మీ ఊర్లె ఏదన్న పోతే ఏం జేసేటోళ్ళు అత్తా?" అని. చెప్పాను. పెద్దమనిషి ఇంట్లో గంప నిండా తవుడు పోసి పెట్టేవారు. ఇంటికొకరు చొప్పున వరసగా, ఒంటరిగా లోపలికి పోయి ఆ తవుడులో చెయ్యి పెట్టి రావాలి. అందరూ అయ్యాక గంప ఒంపితే పోయిన వస్తువు అందులో ఉండేది. ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. వస్తువు వచ్చింది, చాలు. ఆ మనిషి రేపు కూడా మన మధ్యే బతకాలి కదా!

చివరి భాగం చదివే రోజు కొడుక్కి సెలవు. హాస్టల్‌లో సీటు కోసం మర్నాడు ఖమ్మం పోవాలనుకుంటూ, మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. లాయరమ్మ ఆ పొద్దు కూడా సరిగా తినలేదు. నేను చదువుతున్నాను. డిటెక్టివ్ అందరినీ హాల్లో నిలబెట్టాడు. ఉంగరం దొరికిందన్నాడు. ఎవరు తీశారో చెప్తానన్నాడు. నా వేలు ఒక లైను మీద ఉండగానే కన్ను కింది లైను మీద పడింది. పడి, అక్కడే ఆగిపోయింది.  నలుగురిలో నిలబెట్టి ఆ మాట అనడం నా వల్ల కాలేదు. మా ఊరి పద్ధతే నయమనుకుని, ఆ లైను మింగేసి, గట్టిగా చదివాను.

"ఉంగరం దొరికింది. అందరు ఎవరిండ్లకు వాళ్ళు పోయిండ్రు. కథ అయిపోయింది."

"అయిపోలే నాయనమ్మా. ఇంకో లైనుంది."

"లేదు. మాపటికి కూర ఏందో అమ్మనడుగు పో."

"ఉంది. నీ ఏలి కిందనే ఉంది."

పుస్తకం మూయబోయాను. లాయరమ్మ నా వేలు పట్టుకుని పక్కకు జరిపి, ఆ చోట తన వేలు పెట్టింది. "ఉం...గ...రం," అంది. ఊపిరి పీల్చుకుంది. "ఉంగరం దొం...గి...లించింది... కా...ప...లా...దారు." తర్వాత తల ఊపి, అదే లైను మొదటి నుంచి ఆగకుండా మళ్ళీ చదివింది.

కొడుకు లేచి కూర్చున్నాడు. కోడలి ఒళ్ళోంచి చేట జారి కందిపప్పు గడప నిండా పడింది, ఎవరూ ఎత్తలేదు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల నా భుజం మీంచి, నా నడకతోనే, నా వేలి వెంట మాట మాటా చదువుకుంటూ వస్తోందని అప్పుడు గాని మాకెవరికీ తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమూ వచ్చింది. తెలుగులో ఇన్ని మంచి మాటలుండగా, నా మనవరాలు బెదరకుండా చదివిన మొదటి వాక్యం ఒక పేదవాడి మీద నిందా!

లాయరమ్మకు ఇవేమీ పట్టలేదు. దాని మొహం జేవురించింది. "గిది అబద్ధం నాయనమ్మా. ఉంగరం పోయిననాడు వాచ్‌మన్ దవాఖానల ఉన్నడు. నువ్వే సదివినవ్, యాడనో ఉంది, ఆగు" అంటూ పుస్తకం లాక్కుని, పేజీలు వెనక్కి తిప్పుతూ, వేలితో వెతుక్కుంటూ తనంత తానే చదవసాగింది. చివరికి ఆ చోటు పట్టుకుంది కూడా. కాపలాదారుకు జ్వరమొచ్చి దవాఖానలో చేరాడని రాసిన రచయిత, ఆఖరికొచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయాడు!

"ఏం రచయితనే ఈయన? కోర్టుల ఏద్దాం" అంది లాయరమ్మ.

కొడుకు నవ్వి మళ్ళీ మంచం మీద వాలాడు. "దీన్ని హాస్టల్‌ల ఏస్తే వార్డెన్ పరేషాన్ అయి పారిపోతడు" అన్నాడు. మర్నాడు ఖమ్మం పోలేదు. కోడలు పప్పు ఎత్తుకుంటూ నా వైపు తిరిగి, "మీరు ఉన్న లైను ఇడిసిపెట్టి లేని లైను సదివిండ్రు అత్తమ్మా" అంది. మీరు అందిగాని, కళ్ళు తుడుచుకుంటూ అంది.

ఇప్పుడు పిల్లలిద్దరూ పక్క ఊరి సర్కారు బడికి పోతున్నారు. కోడలు వాళ్ళను అక్కడ తానే స్వయంగా చేర్పించింది, వెనక బెంచీ సంగతి ముందే మాట్లాడుకుని మరీ. లాయరమ్మ నన్ను చదివి వినిపించమని అడగదు. దాని చదువుకు నా వేగం చాలదు. అన్నాలయ్యాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. నేనే ఒక పుస్తకం తీసుకుని గుమ్మంలో కూర్చుంటాను. బంగళాల్లో నగలు పోతూనే ఉన్నాయి, పనివాళ్ళు పట్టుబడుతూనే ఉన్నారు, నేను తిడుతూనే ఉన్నాను. తిడుతూ తిడుతూ ఒక్కోసారి ఆగిపోతాను. అచ్చయిన మాటను తాను పైకి అనకపోతే అది లోకంలో లేకుండా పోతుందని నమ్మిన ఆ కొత్త చదువరి ముసల్ది గుర్తొస్తుంది. ఎంత వెర్రిది అనుకుని నవ్వుకుంటాను. అంత నమ్మకం నాకిప్పుడు లేదు.