సంతకు పోయిన బాపు

పేపర్ విప్పగానే వచ్చే సిరా వాసనకు ఈ వయసులోనూ నాకు ప్రాణం లేచొస్తుంది. కానీ నిన్నటి పేపర్ చూస్తే ఒళ్లు మండింది. పేజీ నిండా రంగుల బొమ్మలు. ఒకదాంట్లో, వెనకటి రోజుల్లో వార్తలు చదివే అలవాటు ఎవరికెంతో చూపించే కడ్డీలు; పల్లెల కడ్డీ చిటికెన వేలంత. ఇంకోదాంట్లో రెండు గీతలు. పట్నం జనాభా ఎగబాకుతుంటే పల్లెది కిందికి జారుతోంది. గీసినవాడెవడో గానీ, మోత్కూరు దగ్గర మా మగ్గాల కొట్టంలో ఒక్క పూట కూర్చుని ఉంటే ఆ స్కేలు విరగ్గొట్టుకునేవాడు.

నేల తవ్విన గుంతల్లో కాళ్లు దించి నేసే మగ్గాలు ఆరుండేవి. గంజి వాసన, తడి నూలు వాసన, మా నాయనమ్మ అవ్వ కాల్చే జొన్నరొట్టె మాడు వాసన కలిసిపోయేవి. బతుకమ్మ పండుగ ముందు చీరలు తెమలక అందరూ తలలు వంచుకుని నేస్తున్నా, బస్సులో ఒకరోజు ఆలస్యంగా వచ్చే ఒకే ఒక్క పేపర్ మా నాయన, బాపు చేతికి అందగానే ఆరు మగ్గాలూ ఆగేవి. ఆడవాళ్లు రాట్నాలు వదిలి, చేలనుంచి వచ్చినవాళ్లు గడపలో గొంతుక్కూర్చుని, మేం పిల్లలం అరచేతిలో నువ్వులపొడి నాకుతూ, ధరలూ ఎన్నికలూ ఎక్కడివో వరదలూ అన్నీ బాపు గొంతులో వినేవాళ్లం. చదివేది ఒక్కడే, వినేది వాడకట్టంతా. కాగితాలు లెక్కబెట్టేవాడికి చెవులెట్లా కనిపిస్తాయి?

నూలు దొరకని ఏడాది మగవాళ్లు ఒక్కొక్కరే షోలాపురం మిల్లులకు పోయారు. బాపు కూడా పోతూ పేపర్ నా చేతిలో పెట్టాడు. నేను చదవడం ముగించగానే అవ్వ కొడుకు పేరెత్తి రోజూ అడిగేది: "మా నర్సయ్య ముచ్చట ఏమన్న రాసిండ్రా బిడ్డా?" మనిషి వలస పోతే అతని మగ్గం గుంత పూడ్చకూడదని మా పట్టింపు. అవ్వ దాన్ని శుక్రవారం శుక్రవారం అలికేది.

మరుసటి ఏడాది ఎండలు ముదరకముందే జనాభా లెక్కలకు ఒక పంతులు వచ్చాడు. అవ్వ మొదట బాపు పేరే చెప్పింది.

"ఏడున్నడు?"

"సంతకు పోయిండు. మాపటికొస్తడు. రాసుకో."

బడిలో నిజమే చెప్పాలని నేర్పారు కదా, పెద్ద సత్యవంతురాలిని, ఎగిరి చెప్పాను: "గాదు సార్! బాపు షోలాపురం పోయి ఏడాదైంది."

పంతులు ఆ పేరు కొట్టేశాడు. అవ్వ కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆని గుంత ఈడనే ఉన్నది, పంతులూ! కొట్టేస్తే మా ఊరోడు గాకుంట పోతడు." ఆయన నవ్వి పక్కింటికి పోయాడు. శుక్రవారం కాకపోయినా అవ్వ ఆ పూటే గుంతను మళ్లీ అలికింది.

రెండేళ్లకు షోలాపురం నుంచి కార్డు వచ్చింది. బాపు జ్వరంతో పోయాడట, దహనం కూడా అక్కడే అయిపోయిందట. ఆరు మగ్గాల్లో మిగిలిన రెండూ ఆపి, ఆ కార్డు కూడా నేనే గట్టిగా చదివాను. అవ్వ అడిగిన ముచ్చట అట్లా వచ్చింది. మాకు వార్తలు చదివే అలవాటు లేదట!

ఇప్పుడు ఆ కొట్టం లేదు. గుంతలో సిమెంటు పోసి పైన టీవీ పెట్టారు. ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లు చూసుకుంటారు, పక్కవాడికి ఒక్క ముక్క చదివి చెప్పరు. గీతలు గీసినవాడి మీద పొద్దున్నుంచీ తిట్లు కురిపిస్తున్నాను గానీ, ఆ జారే గీతను ఒక మనిషంత కిందికి లాగింది నేనే. ఆ రోజు పంతులు అడిగింది అవ్వను. నన్ను అడగనే లేదు.