నగరానికి వ్యతిరేకంగా పదకొండు గోళీలు

ఆ రోజుల్లో కారణం లేకుండా తుమ్మినా నాకు తప్పు చేసినట్టే ఉండేది. ఎనభైల చివరి మాట. నాకు ఇరవై మూడేళ్లు. సూర్యాపేటలో ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. మనిషన్నవాడు ముందు కారణం వెతకాలి, తర్వాతే కాలు కదపాలి అని నమ్మేవాణ్ణి, నమ్మనివాళ్లను నడిబజార్లో నిలబెట్టి నమ్మించేవాణ్ణి. మా అమ్మ పంచాంగం చూపించుకోనిదే ఊరు కదిలేది కాదు. ఒకసారి ఆమె వెంట బస్టాండు దాకా వాదిస్తూ నడిచాను. వాదనలో పడి ఆమె బస్సు తప్పిపోయింది. "చూసినవా, మంచి గడియల బయల్దేరినా బస్సు పోయింది" అని అక్కడికక్కడే రుజువు చేశాను. (బస్సు పోయింది నా ఉపన్యాసం వల్లనే అన్న చిన్న విషయం నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.)

నాలాంటి వాళ్లం పది పన్నెండు మందిమి ఆదివారం పొద్దున ఒక సైకిల్ షాపులో కూడేవాళ్లం. దాన్నే చర్చా మండలి అనుకునేవాళ్లం. షాపు యజమాని మాకందరికీ పెద్ద. "వాన వచ్చేటట్టుంది" అన్నా "రుజువేంది?" అని అడిగే మనిషి కనుక ఆయన్ను రుజువన్న అనేవాళ్లం. చర్చ ముగిశాక ఓటింగు. షాపులో ఎప్పుడూ ఉండేవి బేరింగు గోళీలు, చాయ్ గ్లాసులు. అందుకని ఒక గ్లాసు అనుకూలం, ఒక గ్లాసు వ్యతిరేకం, మనిషికొక ఇనుప గోళీ. ఈ మండలికి ఒక గొప్ప నియమం ఉంది, అది పెట్టింది నేనే. ఎవరైనా తన సొంత విషయం చర్చకు తెస్తే, తన కోరికేమిటో ముందే చెప్పి, దానికి వ్యతిరేకంగా తానే వాదించాలి. తేలిన దానికి కట్టుబడాలి. అప్పుడే ఇష్టాయిష్టాలు పక్కకు పోయి సత్యం బయటపడుతుందని నా సిద్ధాంతం. ఈ నియమం కింద మొదట పడినవాడు మా టైలర్ మిత్రుడు. రెండో మిషను కొనాలని ముచ్చటపడి వచ్చినవాడు, కొనకూడదని తనే అద్భుతంగా వాదించి, తనే గెలిచి, ఉత్త చేతులతో ఇంటికి పోయాడు. నాతో నెల రోజులు మాట్లాడలేదు. నేను దాన్ని సిద్ధాంతం సాధించిన విజయం కింద జమ కట్టుకున్నాను.

అలాంటి నాకు హైదరాబాదు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం, పదిహేను రోజుల్లో జవాబు రాయమన్నారు. నాకు వెళ్లాలనే ఉంది. గ్రంథాలయాలు, సభలు, నాకంటే బాగా వాదించే మనుషులు, అన్నీ అక్కడే ఉన్నాయని నా ఊహ. అయితే జీతంలో సగం గది కిరాయికే పోతుందని తెలిసినవాళ్లందరూ చెప్పారు. పోయి, నెగ్గలేక, పెట్టె పట్టుకుని తిరిగొస్తే, నా ఉపన్యాసాలు భరించిన ఊరంతా ఒక్కసారిగా బాకీ తీర్చుకుంటుంది. ఆ భయం నాకు బాగానే ఉంది. కానీ భయపడుతున్నానని ఒప్పుకోవడం శాస్త్రీయంగా ఉండదు కదా. అందుకని ఒక నోటుబుక్కు కొని, ప్రతి పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు లాభం, కుడివైపు నష్టం అని రాసుకున్నాను. నగరంలో బతికొచ్చిన వాళ్లనందరినీ అడిగి నింపాలని. మా నాయిన మార్కెట్ యార్డులో ధాన్యం బస్తాలు తూచే దడ్వాయి. ఆ పుస్తకం కాసేపు తిరగేసి, "కాంటా మీద నువ్వే నిలవడి, బరువు నువ్వే సూసుకుంటె ఎట్లరా?" అన్నాడు. చదువురాని మాటగా కొట్టిపారేశాను.

మొదట కోదాడ పోయాను. మా బావ నగరంలో మూడేళ్లుండి వచ్చి అక్కడ రేడియోలు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. నా పుస్తకం చూడగానే ఆయనకు హుషారొచ్చింది.

"రాసుకో బావమరిదీ. నీళ్లు. రోజు విడిచి రోజు వస్తాయి. తెల్లారకముందే బిందెలు వరసలో పెట్టాలి. చుట్టమొచ్చి స్నానం చేస్తే ఇంటాయన మొహం మాడ్చుకుంటాడు."

నష్టం కింద రాస్తుండగా వంటింట్లోంచి మా అక్క వచ్చింది. "అదేం రాస్తున్నవ్ రా తమ్ముడూ? ఆ నీళ్ల లైన్లో నిలబడబట్టే కదా నాకు నలుగురు తెలిసింది. ఒకామె కుట్లు నేర్పింది, ఒకామె హిందీ నేర్పింది. ఇక్కడ బావి ఇంట్లోనే ఉంది. పొద్దున్నుంచి మాట్లాడదామంటే మనిషి లేడు."

"నేను లేనా?" అన్నాడు బావ.

"మీరు రేడియోతో మాట్లాడుతరు."

నేను పెన్ను పట్టుకుని ఆగిపోయాను. నీళ్ల కొరత ఏ వైపు రాయాలి? చివరికి రెండు వైపులా రాశాను. తర్వాత బావ "అన్నీ దొరుకుతాయి అక్కడ" అన్నాడు, లాభం కింద రాశాను. "అన్నీ దొరుకుతయి, అందుకే జీతం పదో తారీఖు దాటేది కాదు" అంది అక్క. అది కూడా రెండు వైపులకూ వెళ్లింది. సాయంత్రానికి నా పుస్తకంలో రెండు గడులూ కవలపిల్లల్లా ఉన్నాయి. నాకు కోపం రాలేదు, నిజానికి ఆసక్తి పెరిగింది. ఎక్కడో ఎవరో ఒకరు ఒకే వైపు పట్టే నిజం ఒకటి చెప్పకపోతారా అని, మర్నాడు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాను. దారి పొడుగునా పక్క సీటు ఆయన్ను కూడా అడిగాను. ఆయన వడ్ల వ్యాపారి. "నగరమా? పోతే పని అయితది, ఉంటే పైసలు ఖర్సయితయి" అని నిద్రపోయాడు.

మిర్యాలగూడలో మా చిన్నమ్మ ఉండేది. మా అమ్మ చెల్లెలు, సర్కారు దవాఖానలో నర్సు, పెళ్లి చేసుకోలేదు. నగరంలో ఏడేళ్లు పనిచేసి వచ్చింది. నేను పుస్తకం తెరిచేసరికి ఆమె దవాఖాన నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"గాడ నేను బజార్ల నడుస్తుంటె, ఎవరి బిడ్డవని ఒక్కరు అడుగలె కొడుకా. ఏడికి పోతున్నవని అడుగలె. ఒక్కదాన్నే సినిమాకు పోయిన. ఇంటర్వెల్ల సోడ తాగిన. ఎవ్వరు మల్లి సూడలె."

నా పెన్ను పరుగెత్తింది. కులం అడగని, ఇంటిపేరు అడగని చోటు. ఆడమనిషిని అడ్డగించని చోటు. ఇంతకాలం నేను ఉపన్యాసాల్లో వెతికింది ఇదే. లాభం గడిలో పెద్ద అక్షరాలతో రాశాను.

"ఇంకోటి గూడ రాస్కో" అంది చిన్నమ్మ. "ఒకపారి జరమొచ్చి సెలవు పెట్టి రూముల తొమ్మిది దినాలు పన్న. అప్పుడు గూడ ఎవ్వరు అడుగలె."

పేజీ మధ్య గీత మీద పెన్ను పెట్టి అడిగాను. "ఇది ఏ వైపు రాయాలె చిన్నమ్మా?"

"సదువుకున్నోనివి నువ్వు. నన్నడిగితె ఎట్ల?"

రాయలేదు. పుస్తకం మూసేశాను. నిజం చెప్పాలంటే అక్కడే నా శాస్త్రం కాలు జారింది. ఆదివారం చర్చ దగ్గరపడుతోంది. నియమం ప్రకారం నేను వెళ్లాలనుకుంటున్నానని చెప్పి, వెళ్లకూడదని వాదించాలి. నా వాగ్ధాటి మీద నాకు అపారమైన నమ్మకం. నేను వాదిస్తే గెలవక తప్పదు, గెలిస్తే వెళ్లడమే తప్పిపోతుంది. టైలర్ మిత్రుడి ఉత్త చేతులు కళ్లముందు ఆడాయి. అందుకని, నా జన్మలో మొదటిసారి మండలిలో అబద్ధమాడాను. "నాకు ఊళ్లోనే ఉండాలని ఉంది. కాబట్టి నగరం తరఫున వాదిస్తాను" అన్నాను. మొహంలో త్యాగం కనిపించేలా నిలబడ్డాను కూడా.

ఆ ఆదివారం నేను మాట్లాడినట్టు మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. కిరాయి గురించి ఎవరో అంటే, "స్వేచ్ఛకు కిరాయి కట్టడం అంటే సిగ్గెందుకు? ఇక్కడ ఉచితంగా దొరికేది ఊరి పెత్తనమే కదా" అన్నాను. నా పేరు వినగానే నా తాత పేరు అడిగే ఊరు, నా పేరుతో సరిపెట్టుకునే నగరం, వీటిలో ఏది నాగరికత అని అడిగాను. ఆఖరున చిన్నమ్మ మాట ఎత్తుకున్నాను. మిర్యాలగూడ నర్సమ్మ ఒకరు, ఏడేళ్లు, ఎవరి బిడ్డవని అడిగిన వాడు లేడు. టైలర్ మిత్రుడు కూడా తల ఊపాడు. రుజువన్న పంక్చరు వేస్తున్న ట్యూబు పక్కన పెట్టాడు.

అప్పుడు షాపు గడప దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. "మిగిలింది గూడ సెప్పు కొడుకా."

చిన్నమ్మ. మా అమ్మను చూడ్డానికి సూర్యాపేట వచ్చి, నేనేదో పెద్ద సభలో మాట్లాడుతున్నానని విని, ముచ్చటపడి వచ్చింది. రుజువన్న ఆమెకు తన స్టూలు వేశాడు. అందరూ నా వైపు చూశారు. నేను తొమ్మిది రోజుల జ్వరం సంగతి చెప్పాను. వాగ్ధాటి ఎటు పోయిందో తెలియదు.

"ఇది పుస్తకంల ఉన్నదా?" అన్నాడు రుజువన్న.

"లేదన్నా."

"ఎందుకు లేదు?"

నా జవాబు కోసం ఆగకుండా ఆయనే నెమ్మదిగా అడిగాడు. "తమ్మీ, నీకు పోవాల్ననే ఉన్నది గదా?"

ఉందన్నాను. చిన్నమ్మ అందుకుంది. "మీ అమ్మ పంచాంగమాయిన దగ్గరికి పోతె నవ్వుతవు. ఆమె గూడ ఇంతే. పోవాల్ననుకున్న దినమే మంచిదని ఆయిన చెప్పేదాంక అడుగుతది. నువ్వు కోదాడ పోయి, మిర్యాలగూడ పోయి అడిగొచ్చినవ్. బస్సు కిరాయి నీదే ఎక్కువైంది."

జనం నవ్వారు. నన్ను అంతకుముందు చాలామంది ఓడించాలని చూశారు, ఇలా ఎవరూ కొట్టలేదు. ఓటింగు జరిగింది. చిన్నమ్మకూ ఒక గోళీ ఇచ్చారు. నగరానికి వ్యతిరేకంగా పదకొండు పడ్డాయి, అనుకూలంగా రెండు.

నేను లేచి, తీర్పుకు కట్టుబడి నగరం వెళ్లనని ప్రకటించాను. వాళ్లు కంగారుపడ్డారు. "అరె, మేము నీ అబద్ధం మీద ఏసినం గని, నీ పయనం మీద కాదు" అన్నాడు టైలర్. "పోవయ్యా, మంచి నౌకరి" అన్నాడు రుజువన్న. "ఆ రెండు గోళీలల్ల ఒకటి నాదేరా" అంది చిన్నమ్మ. "పొమ్మనే ఏసిన." ఎవరెంత చెప్పినా వినలేదు. నియమం పెట్టింది నేను, దాన్ని చెడగొట్టింది నేను, ఇక నిలబెట్టేదీ నేనే అని, ఆ మధ్యాహ్నమే ప్రెస్సు వాళ్లకు రాలేనని కార్డు రాసి డబ్బాలో వేశాను. తల ఎత్తుకునే ఇంటికి నడిచాను.

నాలుగు నెలలు గడిచాయి. సైకిల్ సామాను తెమ్మని రుజువన్న నన్ను హైదరాబాదు పంపాడు. చెయిన్లు, రిమ్ములు, ఒక సంచీడు బేరింగు గోళీలు. కొనడం అయిపోయాక ఇంకా పొద్దుంది. ఆ ప్రెస్సు ఎలా ఉంటుందో చూద్దామనిపించింది, ఊరికే. లోపల ఒక పెద్దాయన కాగితాల గుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. నా పేరు చెప్తే గుర్తుపట్టాడు. నా బదులు తీసుకున్న మనిషి కిరాయిలు తట్టుకోలేక మూడో నెలలోనే వెళ్లిపోయాడట. ఆయన అంతకంటే ఏమీ అడగలేదు, ఒక ప్రూఫు నా ముందుకు తోసి, "చూడండి" అన్నాడు. చూశాను. అది అయ్యాక ఇంకోటి తోశాడు. సైకిల్ సామాను మర్నాడు, ప్రెస్సు చిరునామా రాసిన చీటీ పెట్టి, సూర్యాపేట బస్సులో వేసి పంపాను. నేను ఎక్కలేదు.

వారం తర్వాత రుజువన్న కార్డు వచ్చింది. "సామాను ముట్టింది. నువ్వెప్పుడొస్తవో రాయలె." ఆదివారం వస్తానని రాశాను, వెళ్లాను. నా మీద విచారణ ఉంటుందని బస్సులో మూడు గంటలూ సమాధానాలు కూర్చుకున్నాను. నియమాలకూ పరిస్థితులకూ మధ్య సంబంధం గురించి మంచి వాక్యాలు కుదిరాయి. షాపులో అందరూ ఉన్నారు. చాయ్ వచ్చింది.

"ఎట్లున్నది గాడ?" అన్నాడు రుజువన్న.

"కిరాయి బాగా ఎక్కువన్నా."

"మరి?"

కూర్చుకున్న వాక్యాలన్నీ వెతికాను. ఒక్కటీ చేతికి రాలేదు. "మంచిగనే ఉన్నది" అన్నాను. రుజువన్న రుజువు అడగలేదు. చాయ్ చల్లారుతోంది తాగమన్నాడు.

నగరంలో ఎందుకు స్థిరపడ్డారని ఇప్పుడు ఎవరైనా అడిగితే గుక్కతిప్పుకోకుండా ఏడెనిమిది కారణాలు చెప్తాను. అన్నీ గట్టివే, ఎక్కడా బీటలుండవు. వినేవాళ్లు మెచ్చుకుంటారు. వాటిలో ఒక్కటి కూడా ఆ రోజు నేను బస్సెక్కకుండా ఆగిపోయినప్పుడు నా దగ్గర లేదని మాత్రం చెప్పను. ఇరవై మూడేళ్ల ఆ కుర్రవాడు వింటే మళ్లీ చర్చకు పెడతాడు.